అనంతపురం దుమ్ములో హెచ్‌ఓ రైళ్లు: గేజు ప్లేటు, రీమరు, కప్లింగ్ గేజు ఎంతవరకు పనికొస్తాయి

మోడల్ రైలు పెట్టె పట్టా తప్పిందంటే చాలామంది ముందు ఇంజన్ని అనుమానిస్తారు. తర్వాత పట్టాలు ఊడదీసి మళ్లీ వేస్తారు. రెండూ అక్కర్లేని చాకిరీ. ముందు చేతిలో ఉండాల్సింది అరచేతిలో ఇమిడే ఒక లోహపు ప్లేటు. 1935లో అమెరికాలో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ తన ప్రమాణాల ప్రకారం చేయించే హెచ్‌ఓ స్టాండర్డ్స్ గేజు అది. ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే. దానికి తోడుగా వాడే రీమరు (ఇరుసు కూర్చునే గుంటను నునుపు చేసేది), కప్లింగ్ (పెట్టెలను కలిపే కొక్కెం) ఎత్తు గేజు, లోహపు చక్రాలు కూడా చూద్దాం. అనంతపురం, తాడిపత్రి, గుత్తి వైపు ఇళ్లలో లేఅవుట్ (మోడల్ రైలుమార్గం) పెట్టుకున్నవాళ్లకు ఎండ, దుమ్ము తెచ్చే చిక్కులు వేరు కాబట్టి వాటికి కొంచెం ఎక్కువ చోటిస్తున్నాం.

మాటల్లో తికమక రాకుండా ఒకటి చెప్పుకోవాలి. మన వాడుకలో బోగీ అంటే రైలు పెట్టె. గుత్తి షెడ్డులోనో గుంతకల్లు యార్డులోనో పనిచేసేవాళ్లకు బోగీ అంటే పెట్టె కింద చక్రాలు, ఇరుసులు బిగించి ఉండే చట్రం. ఇక్కడ వాళ్ల మాటే వాడుతున్నాం: పైనున్నది పెట్టె, కిందున్నది బోగీ. పట్టాల గురించి చెప్పేటప్పుడు రైలు అంటే పట్టాలోని ఒక్కో కమ్మీ. పాయింటు అంటే దారి రెండుగా చీలే చోటు, క్రాసింగు అంటే అందులో రెండు కమ్మీలు ఒకదాన్నొకటి దాటే భాగం.

హెచ్‌ఓ అంటే 1:87 స్కేలు, పట్టాల మధ్య 16.5 మి.మీ. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అయినా భారతీయ పెట్టెల మోడళ్లు కూడా 16.5 పట్టా మీదే నడుస్తాయి. అసలు రైలుతో పోలిస్తే వీటి కాళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయన్నమాట. అందుకే చక్రాల కొలతలో చిన్న తేడా వచ్చినా పెట్టె పైకప్పు దగ్గర ఊగులాట కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ప్లేటు చేసే మొదటి పని చక్రాలను చూడటం. ఒక అంచున రెండు గాళ్లు ఉంటాయి. చక్రాల జతను బోగీలోంచి తీసి, రెండు చక్రాల అంచులనూ ఒకేసారి ఆ గాళ్లలో పెట్టాలి. రెండూ తేలిగ్గా దిగితే సరే. ఒకటి దిగి రెండోది పైనే నిలిచిందా, ఆ జత పట్టాల మీదికి పోకూడదు. డిజిటల్ వెర్నియర్ ఉన్నవాళ్లు రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కూడా చూసుకోవచ్చు. అది 14.4 నుంచి 14.5 మి.మీ. వరకు ఉంటే నిశ్చింత. చక్రాలు మరీ దగ్గరగా ఉంటే క్రాసింగు దగ్గర చెక్ రైలును (చక్రాన్ని దారిలో పట్టి ఉంచే అదనపు కమ్మీ), ఎదుటి వింగ్ రైలును (క్రాసింగు పక్కన వంగిన కమ్మీ) రెండు పక్కలా పట్టేసి పైకెక్కుతాయి. మరీ ఎడంగా ఉంటే అంచు నేరుగా క్రాసింగు ముక్కును గుద్దుతుంది, వంపుల్లో రైలును ఒరుసుకుంటూ పోతుంది. పెట్టె ప్రతిసారీ ఒకే పాయింటు దగ్గర తప్పుతుంటే పాయింటునే తిట్టుకుంటాం. మిగతా పెట్టెలు అక్కడ సాఫీగా దాటుతున్నాయంటే తప్పు ఆ పెట్టె చక్రాలదే.

సరిచేయడం తేలికే. రెండు చక్రాలను రెండు చేతుల వేళ్లతో పట్టుకుని, ఒకదాన్ని మర చుట్టినట్టు తిప్పుతూ లోపలికి నొక్కాలి, లేదా బయటికి లాగాలి. తిప్పకుండా నేరుగా లాగితే చక్రం ఒరిగిపోతుంది, ఇరుసుకు నిటారుగా ఉండదు. వెంట్రుకవాసి జరిపి మళ్లీ ప్లేటులో పెట్టి చూడాలి. కుదిరాక ఆ జతను అద్దం ముక్క మీద దొర్లించి కంటి మట్టంలో చూస్తే చక్రం అల్లాడుతోందా లేదా తెలుస్తుంది. అల్లాడే చక్రాన్ని బాగుచేసే ప్రయత్నం వద్దు, మార్చేయండి.

రెండో పని పట్టాలను చూడటం. ప్లేటుకున్న చెవులు రెండు రైళ్ల మధ్య దిగాలి, అలాగని అటూ ఇటూ కొట్టుకోకూడదు. సాదా పట్టాలో ఫిష్‌ప్లేటు (రెండు కమ్మీలను కలిపే ముక్క) దగ్గర, వంపు మొదలయ్యేచోట చూస్తే చాలు. పాయింట్ల మీద మాత్రం ఓపిక కావాలి: లోపలికి వచ్చే చోట, బ్లేడు (దారి మార్చడానికి కదిలే కమ్మీ) కొస దగ్గర, బ్లేడు మడమ దగ్గర, క్రాసింగుకు ముందూ వెనకా, తర్వాత చెక్ రైలు సందు. చెక్ రైలు సందు ఎక్కువైతే దాని లోపలి ముఖానికి పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ పట్టీ అంటిస్తే సరిపోతుంది. బ్లేడు కొస మొద్దుగా ఉండి పక్క రైలుకు ఆనకపోతే అంచు ఆ సందులో దూరుతుంది. చిన్న ఆకురాయితో కొసను కత్తివాదరలా పలచన చేసి, పైభాగాన్ని కాస్త వాలుగా అరగదీయాలి. కొత్తగా కొన్న పాయింట్లలో కూడా ఈ లోపం ఉంటుంది, డబ్బాలోంచి తీయగానే చూసుకోవాలి.

ప్లేటు లోహం కాబట్టి పట్టాల మీద పెట్టే ముందు కరెంటు ఆపాలి. రెండు రైళ్లకూ తగలగానే షార్టే.

ఇక ప్లేటు చూపలేనివి. దిగుతుందా, దిగదా అనేదే అది చెబుతుంది, తేడా ఎంతో చెప్పదు. పట్టా మెలిక తిరిగి ఉంటే, అంటే ఒక రైలు ఒక చోట పైకి, కొంచెం ముందు కిందికి ఉంటే, ప్లేటు అన్నీ బాగున్నాయనే అంటుంది. పొడవాటి పెట్టెలను పడగొట్టే దోషం సరిగ్గా అదే. దానికి చిన్న స్పిరిట్ లెవెల్ కావాలి. మన ప్లాట్‌ఫారాల కొలతకు కూడా ప్లేటు మీద ఆధారపడకండి. భారతీయ రైల్వేలో ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా పైనుంచి 760 నుంచి 840 మి.మీ. ఉంటుంది. మోడల్లో అది 8.7 నుంచి 9.7 మి.మీ. పట్టా మధ్య గీత నుంచి ప్లాట్‌ఫారం అంచుకు 1670 మి.మీ. అంటే 19.2 మి.మీ. ఇది తిన్నగా ఉన్న పట్టాకు మాత్రమే. వంపులో పెట్టె నడుము లోపలివైపుకు జరుగుతుంది. ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పాత రకం) పెట్టెలో రెండు బోగీల కేంద్రాల మధ్య దూరం 14,783 మి.మీ., మోడల్లో 170 మి.మీ. వంపు వ్యాసార్థం 600 మి.మీ. అనుకుంటే 170ని 170తో గుణించి, 8 రెట్ల 600తో భాగించండి. 6 మి.మీ. వస్తుంది. అంత ఖాళీ వదలకుండా వంపులో ప్లాట్‌ఫారం కడితే పెట్టె ఒరుసుకుని పట్టా తప్పుతుంది. ఆ తప్పును ఏ గేజూ పట్టుకోలేదు.

వంపు సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పుకోవాలి. పెట్టె పొడవుకు రెండున్నర రెట్లకు తగ్గని వ్యాసార్థం ఉంటే నమ్మకంగా నడుస్తుందనేది అనుభవజ్ఞులు పాటించే లెక్క. ఐసీఎఫ్ పెట్టె మోడల్లో సుమారు 245 మి.మీ., అంటే కనీసం 610 మి.మీ. వ్యాసార్థం. ఎల్‌హెచ్‌బీ (జర్మన్ డిజైను కొత్త రకం పెట్టె) సుమారు 270 మి.మీ., దానికి 675. హార్న్‌బీ సెట్టులో వచ్చే రెండో వంపు వ్యాసార్థం 438 మి.మీ. ఆ వంపు మీద పూర్తి పొడవు ఎల్‌హెచ్‌బీ పెట్టెలను నడపాలనుకుంటే ఎన్ని పనిముట్లు కొన్నా బాధ తీరదు. కుడి వంపు వెంటనే ఎడమ వంపు వస్తే మధ్యలో కనీసం ఒక పెట్టె పొడవంత తిన్నని పట్టా వేయాలి.

రీమరు విషయానికి వద్దాం. హెచ్‌ఓ బోగీల కోసం మైక్రో-మార్క్ అనే పనిముట్ల కంపెనీ పేరుతో వచ్చిన ట్రక్ ట్యూనర్ లాంటిది. ఇరుసులాగే ఉండే గట్టి ఉక్కు ముక్క, రెండు కొసలూ 60 డిగ్రీల మొన. చక్రాల జత తీసి దాని స్థానంలో దీన్ని పెట్టి వేళ్లతో తిప్పాలి. బోగీ అచ్చు పోసినప్పుడు మిగిలిన పొరలు, ముళ్లు రాలిపోయి ఇరుసు మొన కూర్చునే గుంట నునుపు తేలుతుంది. రెండు మూడు చుట్లు చాలు. అక్కడే ఆగకుండా తిప్పుతూ పోతే గుంట లోతై, ఇరుసు అటూ ఇటూ జరుగుతుంది, పెట్టె కిందికి దిగుతుంది, చక్రం అంచు పెట్టె అడుగుకు తగులుతుంది. జత పెట్టాక ఇరుసు పక్కకు అర మిల్లీమీటరు లోపే కదలాలి. తిప్పాక గుంటల్లో మిగిలిన రజను ఎండు బ్రష్షుతో తీసేయడం మరిచిపోవద్దు. అది ఉంటే చేసిన పనంతా వృథా.

మంచి పనిముట్టే కానీ అందరికీ కాదు. సుమారు 25.5 నుంచి 26 మి.మీ. ఇరుసులు పట్టే బోగీలకే ఇది. యూరప్ పెట్టెల్లో ఇరుసులు పొట్టివి ఉంటాయి, వాటిలో దీన్ని బలవంతంగా దూరిస్తే చట్రం విచ్చుకుంటుంది. ఇత్తడి బేరింగులున్న బోగీలో దీన్ని అసలు పెట్టకూడదు. ఇప్పుడు మనవాళ్లు త్రీడీ ప్రింటరుతో చేసుకుంటున్న ఐసీఎఫ్ బోగీలకు కూడా రీమరు సరైన మందు కాదు. రెజిన్ తొందరగా అరుగుతుంది. ఆ బోగీలకు 2 మి.మీ. రంధ్రం చేసి, టోపీ ఆకారపు ఇత్తడి బేరింగులు కూర్చోబెట్టడమే మార్గం.

చక్రాలు లోహంవే కొనండి. ప్లాస్టిక్ చక్రాలకు మురికి అంటుకుని, అదే మళ్లీ పట్టాలంతా పులుముకుంటుంది. మన పెట్టె చక్రం 915 మి.మీ., మోడల్లో 10.5. అమెరికా వాళ్లు 36 అంగుళాల చక్రమని అమ్మేది సరిగ్గా దీనికి సరిపోతుంది. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రానికి బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ల చక్రం 1000 మి.మీ., అంటే 11.5. అక్కడ కూడా 10.5 చక్రమే వేస్తే వ్యాగన్ అర మిల్లీమీటరు దిగుతుంది, దాంతో కప్లింగూ దిగుతుంది. కొనేటప్పుడు వ్యాసంతో పాటు ఇరుసు పొడవు చూడాలి. పొడవెక్కువైతే బోగీ పక్కలను నెట్టి బిగుసుకుంటుంది, తక్కువైతే వేలాడుతుంది. లోహపు చక్రాల్లో ఒకటి ఇరుసు నుంచి ఇన్సులేట్ చేసి ఉంటుంది. బోగీ చట్రం కూడా లోహమైతే ఇన్సులేషన్ ఉన్న చక్రాలన్నీ ఒకే వైపుకు రావాలి. ఒక జత తిరగబడినా షార్టు.

బోగీ స్క్రూల గురించి చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. రెండింటినీ ఒకేలా బిగించకూడదు. ఒక బోగీ స్క్రూను బిగించి, బోగీ స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వదులు చేయాలి, అది పక్కలకు ఊగకూడదు. రెండో దాన్ని ఇంకో అర చుట్టు ఎక్కువ వదలాలి, అది తిరగాలి, ఊగాలి. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలకుండా నిలబడినట్టు పెట్టె నిలబడుతుంది. రెండూ బిగిస్తే పట్టా కాస్త మెలిక తిరిగినచోట ఒక చక్రం గాలిలోకి లేస్తుంది. రెండూ వదిలితే పెట్టె తాగినవాడిలా ఊగుతుంది.

కప్లింగ్ ఎత్తు గేజుగా కేడీ కంపెనీ 205 నంబరుది వాడితే మంచిది. పట్టా మీద పెట్టి, పెట్టెను దానికి తాకించి చూడటమే. కప్లింగ్ మధ్య భాగం పట్టా పైనుంచి సుమారు 9.9 మి.మీ. ఉండాలి. కిందికి వేలాడే తీగ గేజు పలకకు తగలకూడదు. తగిలితే పాయింట్ల మధ్య చిక్కుకుని పెట్టెను ఎత్తేస్తుంది. పెట్టె దిగితే బోగీకీ పెట్టెకూ మధ్య ఫైబర్ వాషరు వేయాలి. అదే కంపెనీ ఇచ్చే ఎర్రవి 0.38 మి.మీ., బూడిద రంగువి 0.25 మి.మీ. పైన చెప్పిన బాక్స్‌ఎన్‌కు రెండు బోగీల మీదా బూడిద రంగువి రెండేసి వేస్తే ఎత్తు తిరిగి వస్తుంది. రెండు బోగీలకూ సమానంగా వేయడం ముఖ్యం.

బరువుకు విదేశీ సామాను అక్కర్లేదు. నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. ఔన్సు అంటే 28.35 గ్రాములు. ఐసీఎఫ్ పెట్టె సుమారు 9.6 అంగుళాలు, అంటే 165 గ్రాములు. బాక్స్‌ఎన్ 4.4 అంగుళాలు, 91 గ్రాములు. బంగారం పనివాళ్లు వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే చాలు. బరువు కోసం టైర్ల షాపుల్లో వీల్ బ్యాలెన్సింగుకు అంటించే 5, 10 గ్రాముల పట్టీలు అడిగి తెచ్చుకోండి. వెనకే జిగురు ఉంటుంది. అనంతపురంలోనే కాదు, ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతాయి. పెట్టె నేల మీద, రెండు బోగీల వైపూ సమానంగా, వీలైనంత కిందికి అంటించాలి. వేసవిలో గది వేడికి ఆ జిగురు మెత్తబడి పట్టీ జారుతుంది, అంచుల్లో ఎపాక్సీ పూయండి. సీసం గుళ్లు పోసి తెల్ల జిగురుతో అంటించడం మాత్రం వద్దు. కాలక్రమంలో సీసం ఉబ్బి పెట్టె గోడలను పగలగొడుతుంది. సీసం చేతికంటుకుంటే ఒంటికి కూడా చేటు. ఖాళీ బాక్స్‌ఎన్‌లో బరువు దాచడానికి చోటుండదు కాబట్టి బొగ్గు నింపినట్టు చేసి ఆ పొర కింద పెట్టడమే నయం. బరువు తక్కువైన పెట్టెను ఇంజన్ వెనకే తగిలించి వెనక బరువు పెట్టెలు లాగిస్తే, వంపులో అది లోపలివైపుకు పడిపోతుంది.

ఇక దుమ్ము. జ్యేష్ఠ ఆషాఢాల్లో వీచే గాలికి అనంతపురంలో కిటికీ మూసినా గదిలో ఎర్రమట్టి పొర పేరుకుంటుంది. తాడిపత్రి చుట్టుపక్కల అయితే దానికి నాపరాళ్లు కోసే, పాలిషు పట్టే యూనిట్ల దుమ్ము తోడు. ఇది మెత్తగా కనిపించినా రాతి పొడి. ఇరుసు మొనలకు కుట్టుమిషన్ నూనె వేశారనుకోండి, ఈ పొడి దానికంటుకుని సానపట్టే ముద్దగా మారుతుంది, గుంటను తింటుంది. డెల్రిన్ లాంటి జారుడు ప్లాస్టిక్ బోగీలో లోహపు మొన ఇరుసుకు నూనె అవసరమే లేదు. తప్పదనుకుంటే పొడి గ్రాఫైట్, అది కూడా అగ్గిపుల్ల కొసన పట్టేంత. గ్రాఫైట్ కరెంటును ప్రసరింపజేస్తుంది కాబట్టి లోహపు బోగీల్లో, కరెంటు తీసుకునే చోట్ల వాడొద్దు. ఇంతకుముందే నూనె పెట్టి ఉంటే మొబైల్ రిపేరు సామాన్ల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి గుంటలు తుడవాలి. ఆరాక రీమరు ఒక చుట్టు. అది మంటకు అంటుకునే ద్రవం, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలి. చక్రం నడిచే ముఖానికి పట్టిన నల్లటి పొరను కూడా దానితోనే తుడవండి. ఉప్పు కాగితంతో గీకితే గీతల్లో మురికి మరింత తొందరగా పేరుకుంటుంది.

ఎండ చేసేది ఇంకొకటి. మేడ మీద గదిలో డిసెంబరు తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ 25 డిగ్రీల తేడా తేలిగ్గా వస్తుంది. ఆ తేడాకు మీటరు నికెల్ సిల్వర్ రైలు 0.4 మి.మీ. సాగుతుంది. చలికాలంలో సందు లేకుండా పట్టా వేస్తే ఎండాకాలంలో అది పక్కకు వంగి, ఫిష్‌ప్లేటు దగ్గర గేజు చెడుతుంది. చలికాలంలో వేసేవాళ్లు ప్రతి మీటరుకూ అర మిల్లీమీటరు వదలాలి, పోస్టు కార్డును ఒకసారి మధ్యకు మడిచినంత మందం. మేలో వేసేవాళ్లు రైళ్లను ఆనించినా నష్టం లేదు. ప్లేటుతో కొలిచేది కూడా ఏప్రిల్ చివర్లో, మధ్యాహ్నం కొలవండి. చల్లటి వేళ అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తాయి.

కొనే వరుస చెప్పాలంటే ముందు ప్లేటు, తర్వాత కప్లింగ్ గేజు, ఆ తర్వాత చక్రాలు. పాత ప్లాస్టిక్ బోగీలు నాలుగైదు కంటే ఎక్కువ ఉంటేనే రీమరు. ప్లేటు తెప్పించుకునేటప్పుడు దాని మీద హెచ్‌ఓ అని ఉందో లేదో చూసుకోండి. ఎన్ స్కేలుకు, నారో గేజికి వేరే ప్లేట్లున్నాయి, చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి.

పని అయ్యాక పరీక్ష రెండు రకాలు. మీటరు పొడవు పలక మీద తిన్నని పట్టా బిగించి, ఒక కొసను 20 మి.మీ. ఎత్తండి. పెట్టెను పైకొసన వదిలితే తోయకుండానే కదిలి కిందిదాకా రావాలి. కదలకపోతే చక్రాలను జత తర్వాత జత తీసి, ఏది తీస్తే తేలికవుతుందో చూడండి. రెండోది, రేక్ (కలిపిన పెట్టెల వరస) మొత్తాన్ని ఇంజన్‌తో వెనక్కి నెట్టించడం. ముందుకు లాగేటప్పుడు దాగిన తప్పులన్నీ వెనక్కి నెట్టేటప్పుడు బయటపడతాయి. నెమ్మదిగా, అన్ని పాయింట్ల మీదుగా, రెండు దారుల్లోనూ నెట్టండి. తప్పిన పెట్టె అడుగున పెన్సిల్‌తో తేదీ, ఏ పాయింటో రాసి పక్కన పెట్టండి. రెండోసారి అదే పెట్టె ఇంకో పాయింటు దగ్గర తప్పితే పెట్టెను, ఇంకో పెట్టె అదే పాయింటు దగ్గర తప్పితే పాయింటును, ప్లేటు చేతిలోకి తీసుకుని చూడాలి.